ప్యాకెట్లో వచ్చిన జన్యువు, చేతికి రాని విద్య

2002 మార్చి 26న కేంద్ర ప్రభుత్వ జన్యు ఇంజినీరింగ్ ఆమోద కమిటీ మూడు బీటీ పత్తి హైబ్రిడ్ల సాగుకు అనుమతి ఇచ్చింది. ఆ వానాకాలంలోనే విత్తనం ఆంధ్రప్రదేశ్ పత్తి జిల్లాలకు వచ్చింది. వాటిలో వరంగల్ ముఖ్యమైనది. ప్యాకెట్లో 450 గ్రాముల బీటీ గింజలు, చేను చుట్టూ వేయమని విడిగా 120 గ్రాముల మామూలు గింజలు. నేలలో బతికే బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బ్యాక్టీరియా నుంచి తీసిన క్రై1ఏసీ జన్యువు ఆ బీటీ గింజల్లో ఉంది. అది తయారుచేసే ప్రోటీను కాయతొలిచే పురుగు పేగును దెబ్బతీస్తుంది. ఆ గింజ వెనక మూడు దశాబ్దాల ప్రయోగశాల శ్రమ ఉంది. 1970లో డీఎన్‌ఏను ఒక నిర్దిష్టమైన చోట కోసే ఎంజైమును వేరుచేశారు. 1973లో కోహెన్, బోయర్ బృందాలు కోసిన ముక్కను అతికించి బ్యాక్టీరియాలో పెంచి చూపాయి. 1983లో మొక్కలోకి పరాయి జన్యువును ఎక్కించారు. ఈ మెట్లలో ఒక్కటీ వరంగల్ ఎక్కలేదు. జన్యువు మాత్రం ఎరువుల కొట్టు అరుగు మీదికి వచ్చి కూర్చుంది.

ఈ చరిత్ర నుంచి నేను తీయదలచిన వాదన ఒక్కటే. మాలిక్యులర్ బయాలజీ పద్ధతులు చేత్తో చేస్తేనే వస్తాయి. ఆ చేతిపని ఇచ్చే అసలు సంపద ఫలితం రాబట్టే నేర్పు మాత్రమే అనుకుంటే పొరపాటు. వచ్చిన ఫలితాన్ని నమ్మవచ్చా, లేదా అని తేల్చుకునే శక్తి అంతకన్నా పెద్దది. ఆ శక్తి లేని చోటికి ఆ శాస్త్రపు సరుకు మాత్రం వచ్చి పడితే ఏమవుతుందో ఉమ్మడి వరంగల్ జిల్లా పత్తి చేలు చూపించాయి. హనుమకొండలో బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ చదివే పిల్లల ప్రాక్టికల్స్ గురించి మాట్లాడేటప్పుడు మాట ఎప్పుడూ పరికరాల ఖర్చు దగ్గరో, ఉద్యోగాల దగ్గరో ఆగిపోతుంది. ఆ ప్రాక్టికల్స్‌ను ఈ జిల్లా గతంతో కలిపి చూడాలి.

ఈ శాస్త్రం ప్రపంచంలో వ్యాపించిన తీరే మొదటి సాక్ష్యం. 1945లో మాక్స్ డెల్‌బ్రుక్ అమెరికాలోని కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ప్రయోగశాలలో బ్యాక్టీరియాను తినే వైరస్‌ల మీద ఒక వేసవి కోర్సు మొదలుపెట్టాడు. భౌతికశాస్త్రం నుంచీ రసాయనశాస్త్రం నుంచీ వచ్చినవాళ్లు అక్కడ కొన్ని వారాలు పెట్రీ పళ్లేల ముందు కూర్చుని, వైరస్ తిన్న మచ్చలను లెక్కపెట్టడం నేర్చుకుని వెళ్లారు. వాళ్లలో చాలామంది తరవాతి కాలంలో ఈ రంగానికి పునాది వేశారు. 1980లో అదే చోట జన్యు క్లోనింగ్ మీద నడిచిన వేసవి కోర్సులో వాడిన ప్రొటోకాల్స్ నుంచే 1982లో మానియాటిస్, ఫ్రిట్ష్, శాంబ్రూక్‌ల ‘మాలిక్యులర్ క్లోనింగ్’ మాన్యువల్ పుట్టింది. ప్రపంచంలో ఏ మూల ప్రయోగశాలకు వెళ్లినా మరకలు పడ్డ ఆ పుస్తకం బల్ల మీద ఉండేది. ముందు కోర్సు, ఆ తరవాత పుస్తకం. ఈ వరస గమనించదగినది. చేతులు చేసిన పనిని కాగితం మీద పెట్టారే కానీ, కాగితం చూసి చేతులు తయారు కాలేదు. మన డిగ్రీ సిలబస్ మాత్రం ఎప్పుడూ రెండో వైపు నుంచే మొదలవుతుంది.

తెలుగువాళ్లకు ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టి హార్వర్డ్ చేరిన ఆయన, సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో రక్తంలో, కండరంలో భాస్వరాన్ని నీలిరంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని ప్రకటించాడు. ఈనాటికీ బయోకెమిస్ట్రీ ల్యాబుల్లో ఫిస్కే-సుబ్బారావు పద్ధతి చేయిస్తారు. కండరపు సారంతో అదే పరీక్ష చేస్తున్నప్పుడు వాళ్లకు ఒక వింత కనిపించింది. రంగు రావలసిన వేగంతో రాలేదు, నిమిషాలు గడిచేకొద్దీ మెల్లగా చిక్కబడింది. పద్ధతిని సొంతంగా తయారు చేసుకున్నవాళ్లు కాబట్టి, అది ఎంతసేపట్లో పూర్తి రంగుకు రావాలో వాళ్లకు కచ్చితంగా తెలుసు. ఆలస్యానికి కారణం వెతికారు. ఆమ్లంలో నెమ్మదిగా విడిపోతున్న ఒక భాస్వర సమ్మేళనం దొరికింది. అదే ఫాస్ఫోక్రియాటిన్. కండరానికి శక్తి ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు దారి అలా తెరుచుకుంది, 1929 నాటికి ఏటీపీని కూడా ఆయన వేరుచేశాడు. పరీక్షనాళిక ముందు పది నిమిషాలు ఆగి చివరి రీడింగు మాత్రం రాసుకునేవాడికి ఈ ఆలస్యం కనిపించదు. మన ల్యాబుల్లో ఇదే ప్రయోగం చేసే విద్యార్థి ప్రామాణిక వక్రరేఖ గీసి, తెలియని నమూనా విలువ రాసి, రికార్డు మీద సంతకం చేయించుకుంటాడు. ఆ ప్రయోగం చరిత్రలో ఎందుకు గొప్పదో అతనికి చెప్పేవాళ్లు అరుదు. నా దృష్టిలో అది పెద్ద నష్టం.

హైదరాబాద్ కథ ఇదే దారిలో నడిచింది. రీజినల్ రీసెర్చ్ లాబొరేటరీలో జీవరసాయనశాస్త్రం చేస్తున్న పుష్ప మిత్ర భార్గవ చొరవతో 1977లో సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ (సీసీఎంబీ) ఏర్పడింది. ఆ సంస్థలో లాల్జీ సింగ్ 1980ల చివర్లో డీఎన్‌ఏ వేలిముద్రల పరీక్షను స్వదేశంలో నిలబెట్టాడు. బ్రిటన్‌లో అలెక్ జెఫ్రీస్ 1984లో కనిపెట్టిన పరీక్షకు ఒక ప్రోబ్ కావాలి, అంటే జన్యుపదార్థంలో మళ్లీ మళ్లీ వచ్చే వరసలను పట్టుకునే గుర్తుముక్క. లాల్జీ సింగ్ అంతకు చాలా ముందే కట్లపాము జాతి ఆడపాములో లింగనిర్ధారణ క్రోమోజోముల మీద పని చేస్తూ బీకేఎం అనే ముక్కను గుర్తించి ఉన్నాడు. పాము కోసం తయారైన ఆ ముక్క మనుషులను వేరువేరుగా గుర్తించడానికి పనికొచ్చింది. బయటి నుంచి ప్రోబ్ కొనుక్కునే పని లేకుండా దేశపు కోర్టులకు డీఎన్‌ఏ సాక్ష్యం అందింది. వేరొకరి కిట్‌తో మొదలుపెట్టి ఉంటే ఈ మలుపు వచ్చేది కాదు. తన రీఏజెంటు ఎక్కడి నుంచి వచ్చిందో, దేనికి అతుక్కుంటుందో తెలిసినవాడికే దాన్ని వేరే పనికి మళ్లించాలన్న ఆలోచన తడుతుంది.

వరంగల్‌లో ఈ విద్యకు తగ్గ సంస్థలు లేకపోలేదు. కాకతీయ వైద్య కళాశాల, ఈనాటి ఎన్ఐటీ అయిన ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాల, రెండూ 1959లోనే మొదలయ్యాయి. ఉస్మానియా పీజీ సెంటర్‌గా ఉన్నది 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం అయింది. వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచి వరంగల్ సన్నాల వంటి వరి రకాలు వచ్చాయి. కాకతీయ వృక్షశాస్త్ర విభాగం 1980లలోనే మిరప మీద కణజాల వర్ధనం చేసి ఫలితాలు ప్రచురించింది. బీజదళం నుంచి చిన్న ముక్క కోసి, పోషక మాధ్యమంలో పెట్టి, దాని నుంచి నిండు మొక్కను లేపడం ఆ పని. చెప్పడానికి రెండు మాటలే. ముక్క పైభాగం ఏ వైపుకు ఉండాలి, హార్మోన్లు ఏ పాళ్లలో కలపాలి, ఆటోక్లేవులో 121 డిగ్రీల దగ్గర మాధ్యమాన్ని ఎంతసేపు ఉంచాలి, బూజు పట్టిన సీసాను ఎంత త్వరగా గదిలోంచి తీసేయాలి, ఇవన్నీ చేసినవాళ్లకే తెలుస్తాయి. మిరప ఈ విషయంలో మొండి పంట, మొగ్గలు వచ్చినా కాడ సాగదు. దానితో వేగినవాళ్ల చేతులకు ఓర్పు అబ్బుతుంది. బీటీ పత్తి వంటి జన్యుమార్పిడి మొక్కను తయారుచేయడంలో సగం పని ఈ కణజాల వర్ధనమే. జన్యువును ఎక్కించిన కణం నుంచి మొక్కను లేపలేకపోతే ఎక్కించి లాభం లేదు. అంటే ఈ విద్యలో సగం, ప్యాకెట్ రావడానికి పదిహేనేళ్ల ముందే, హనుమకొండలో ఉంది. రెండో సగమైన డీఎన్‌ఏను తీయడం, కోయడం, అతికించడం, చూడడం ఆ స్థాయిలో సామాన్య విద్యార్థి చేతికి అందలేదు.

ఆ రెండో సగంలో మొదటి మెట్టునే తీసుకుందాం. పత్తి ఆకు నుంచి డీఎన్‌ఏ తీయడం. పాఠ్యపుస్తకంలో ఈ పద్ధతి సాఫీగా ఉంటుంది. ఆకును నూరి, సీటీఏబీ అనే సబ్బులాంటి పదార్థం ఉన్న బఫర్‌లో 65 డిగ్రీల దగ్గర ఉంచి, క్లోరోఫాంతో కలిపి తిప్పి, పైన తేరుకున్న ద్రవంలో ఐసోప్రొపనాల్ పోస్తే తెల్లని దారపు పోగుల్లా డీఎన్‌ఏ తేలుతుంది. ఉల్లిపాయతోనో, లేత వరి ఆకుతోనో చేస్తే నిజంగానే అలా వస్తుంది. ముదురు పత్తి ఆకుతో చేస్తే గోధుమరంగు జిగురు వస్తుంది. పత్తి ఆకుల్లో గాసిపాల్ గ్రంథులూ, టానిన్లూ, పాలీఫినాల్సూ దండిగా ఉంటాయి. ఆకు నలిగిన మరుక్షణం అవి గాలి తగిలి ఆక్సీకరణ చెంది డీఎన్‌ఏను పట్టుకుంటాయి. పాలీశాకరైడ్లు జిగట తెస్తాయి. ఆ సరుకును, డీఎన్‌ఏ ముక్కకు నకళ్లు తీసే పీసీఆర్‌లో పెడితే ఆ నకళ్లు తీయాల్సిన ట్యాక్ ఎంజైము పని చేయదు, జెల్ మీద బ్యాండు రాదు. అనుభవం లేనివాడు డీఎన్‌ఏ చాలలేదనుకుని ఇంకాస్త పోస్తాడు, పరిస్థితి ఇంకా చెడుతుంది. సరైన దారి తలకిందులుగా ఉంటుంది. నమూనాను పది రెట్లు, యాభై రెట్లు పలుచన చేస్తే అడ్డుకునే పదార్థాలు పలచబడి బ్యాండు వస్తుంది. లేత ఆకు తీసుకోవాలి, బఫర్‌లో పీవీపీ, మెర్కాప్టోఇథనాల్ కలపాలి, స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 260, 280 రీడింగులతో పాటు 230 కూడా చూడాలి. పత్తి కోసం ప్రత్యేకమైన పద్ధతిని ఒక అమెరికన్ బృందం 1993లో ప్రచురించాల్సి వచ్చిందంటేనే ఈ ఆకు ఎంత సతాయిస్తుందో తెలుస్తోంది. వరంగల్ చుట్టూ లక్షల ఎకరాల్లో ఉన్న పంట ఇది. దాని ఆకు నుంచి డీఎన్‌ఏ తీయడం చేతకాని బయోటెక్నాలజీ పట్టా ఈ ఊళ్లో ఎందుకన్న ప్రశ్న నాకు కటువుగా తోచదు, న్యాయంగానే తోస్తుంది.

ఇప్పుడు పత్తి చేలకు వద్దాం. 1997-98లో పొగాకు లద్దెపురుగు, శనగపచ్చ పురుగు కలిసి వరంగల్ పత్తిని ఊడ్చేశాయి. మందు మీద మందు కొట్టినా పురుగు చావలేదు, అప్పులు మిగిలాయి. రైతుల ఆత్మహత్యలతో జిల్లా పేరు దేశమంతా వినబడింది. ఆ గాయం మానకముందే బీటీ వచ్చింది. మొదట వచ్చిన మహికో కంపెనీ హైబ్రిడ్ల మీద ఫిర్యాదులు రేగాయి. 2005లో ఆమోద కమిటీ ఆ హైబ్రిడ్లకు ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి పొడిగించడానికి నిరాకరించింది. ఈలోగా వేరే కంపెనీల విత్తనాలు వచ్చాయి. గ్లెన్ డేవిస్ స్టోన్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త ఈ సంవత్సరాల్లో వరంగల్ పల్లెల్లో ఏళ్ల తరబడి తిరిగి, రైతులు విత్తనం ఎలా ఎంచుకుంటున్నారో నమోదు చేశాడు. 2007లో ప్రచురించిన వ్యాసంలో ఆయన చెప్పింది ఇది: రైతులు సొంత చేనులో పరీక్షించి విత్తనం ఎంచుకోవడం తగ్గిపోయింది. ఒక ఏడాది ఒక బ్రాండు ఊరంతా పాకుతుంది, మరుసటి ఏడాది ఇంకొకటి. ఆర్‌సీహెచ్-2 అనే హైబ్రిడ్ 2005లో అలాగే పాకింది. దాని గుణం చూసి ఎంచుకున్నవాళ్ల కన్నా, పక్క చేనువాడు వేశాడని వేసినవాళ్లు ఎక్కువ. ఆయన దీన్ని నైపుణ్యం జారిపోవడంగా వివరించాడు. దీనికి బీటీని మాత్రమే తప్పుపట్టలేదు. అంతకుముందు హైబ్రిడ్ల కాలం నుంచే బ్రాండ్లు వేగంగా మారడం, ఒకే విత్తనం వేర్వేరు పేర్లతో అమ్ముడుపోవడం, నకిలీలు కలవడం వల్ల రైతుకు ఏ ఫలితం దేనివల్ల వచ్చిందో విడదీసుకునే వీలు పోయిందని చూపాడు. ఎకరం పత్తి పోయినప్పుడు కారణం విత్తనమా, వానా, పురుగా, దుకాణదారు అంటగట్టిన మందా అన్నది తెలియకపోతే మరుసటి ఏడాదికి నేర్చుకున్నది ఏమీ ఉండదు.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని దాటవేయకూడదు. బీటీ ఫలించిందిగా, నైపుణ్యం పోతే పోయింది, దిగుబడి పెరిగిందిగా అని అడగవచ్చు. స్టోనే 2011లో ప్రచురించిన మరో అధ్యయనంలో వరంగల్‌లోని నాలుగు ఊళ్లలో 2003కూ 2007కూ మధ్య పత్తి దిగుబడి 18 శాతం పెరిగిందనీ, పురుగుమందుల పిచికారీలు 55 శాతం తగ్గాయనీ రాశాడు. సమాచారం తక్కువగా అందే పేద రైతులకే లాభం ఎక్కువగా దక్కిందని కూడా రాశాడు. ఇది చిన్న విషయం కాదు. మందుకొట్టే పంపు మోసే కూలీ ఊపిరితిత్తులకు 55 శాతం అంటే ఏమిటో ఊహించవచ్చు. అయితే అదే అధ్యయనం బీటీ ప్రోటీను పనిచేయని ఇతర పురుగుల బెడద పెరుగుతోందని కూడా చెప్పింది. ఆ తరవాతి చరిత్ర మనకు తెలుసు. గుజరాత్‌లో గులాబీరంగు కాయతొలుచు పురుగు క్రై1ఏసీని తట్టుకుంటోందని 2010లో బయటపడింది. కొన్నేళ్లకు రెండు జన్యువులున్న బీజీ-2ను కూడా అది తట్టుకుంది. ఈ నిరోధకత రాకుండా ఆపడానికే మొదటి ప్యాకెట్లో ఆ 120 గ్రాముల మామూలు గింజలు పెట్టారు. బీటీ లేని మొక్కల మీద పెరిగిన పురుగు, బీటీని తట్టుకున్న పురుగుతో జతకడితే నిరోధకత పలచబడుతుందన్నది లెక్క. చాలామంది రైతులు ఆ చిన్న పొట్లాన్ని పారేశారు. వాళ్లను తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. ఎందుకు వేయాలో వాళ్లకు కళ్లకు కట్టేలా చూపించినవాళ్లు లేరు. పురుగు సంతతిలో జన్యువు ఎలా పంచుకుంటుందో చూపగలిగే చిన్న ప్రయోగశాల మండలానికి ఒక్కటైనా లేదు. మంచి ఫలితం ఎందుకు వచ్చిందో తెలియకపోతే దాన్ని కాపాడుకోవడం కూడా తెలియదు. 18 శాతం నిజం, దాన్ని నిలబెట్టుకునే జ్ఞానం లేకపోవడమూ నిజమే.

ఇక్కడ భార్గవను మళ్లీ తలచుకోవాలి. హైదరాబాద్‌లో మాలిక్యులర్ బయాలజీకి ఇల్లు కట్టిన మనిషే, 2008లో సుప్రీంకోర్టు ఆమోద కమిటీకి తన తరఫున నియమించిన పరిశీలకుడు. కంపెనీ ఇచ్చే పరీక్షా ఫలితాల మీద ఆధారపడకుండా, ప్రభుత్వ ఆధ్వర్యంలో స్వతంత్రంగా పరీక్షలు చేసే ప్రయోగశాల దేశానికి ఉండాలని ఆయన పట్టుబట్టాడు. ఆయనను జన్యుమార్పిడికి శత్రువుగా చిత్రించినవాళ్లున్నారు. నాకు మాత్రం అందులో ప్రయోగశాల మనిషి సహజమైన పట్టుదలే కనిపిస్తుంది. ఫలితం ఎవరిదైనా సరే, మన బల్ల మీద మన చేత్తో మళ్లీ వచ్చినప్పుడే అది మనది. అదే హైదరాబాద్‌లో దీనికి అద్దంలాంటి ఉదాహరణ కూడా ఉంది. బాపట్ల నుంచి 1986లో వచ్చిన సాంబమసూరి తెలుగువాళ్ల కంచంలో స్థిరపడింది కానీ బ్యాక్టీరియా ఎండుతెగులుకు లొంగేది. సీసీఎంబీ, వరి పరిశోధన సంచాలకాలయం కలిసి ఎక్స్ఏ21, ఎక్స్ఏ13, ఎక్స్ఏ5 అనే మూడు నిరోధక జన్యువులను సంకరణం ద్వారానే దానిలోకి తెచ్చాయి. ప్రతి తరంలో నారు మొక్కల ఆకు ముక్కలు కోసి, డీఎన్‌ఏ తీసి, పీసీఆర్ చేసి, జెల్ మీద బ్యాండు చూసి, కావలసిన మొక్కలను మాత్రం తదుపరి సంకరణానికి ఉంచుకున్నారు. 2008లో మెరుగైన సాంబమసూరి విడుదలైంది. హనుమకొండ ఎమ్మెస్సీ విద్యార్థి నేర్చుకోగలిగిన పద్ధతులే ఆ పని మొత్తంలో వాడినవి. కావలసింది చేతులు, ఓపిక, లెక్క తప్పని రాత.

ఇప్పుడు కిట్ల సంగతి. ప్లాస్మిడ్ తీసే కిట్‌లో పీ1, పీ2, పీ3 అని మూడు సీసాలు ఉంటాయి. మూడింటినీ వరసగా పోసి, కాలమ్‌లో తిప్పితే శుభ్రమైన డీఎన్‌ఏ వస్తుంది. ఆ సీసాల్లో ఉన్నది 1979లో బర్న్‌బాయిమ్, డోలీ చెప్పిన క్షార పద్ధతే. రెండో సీసాలోని సోడియం హైడ్రాక్సైడు, ఎస్‌డీఎస్ కణాన్ని పగలగొట్టి డీఎన్‌ఏ పోగులను విడదీస్తాయి. మూడో సీసాలోని పొటాషియం ఎసిటేట్ క్షారాన్ని తటస్థం చేస్తుంది. చిన్న వలయమైన ప్లాస్మిడ్ వెంటనే మళ్లీ జతకూడి ద్రవంలో ఉంటుంది, పెద్ద క్రోమోజోము జతకూడలేక తెల్లటి ముద్దగా అడుగుకు పోతుంది. రెండో సీసా పోశాక గట్టిగా ఊపితే క్రోమోజోము తునిగి ప్లాస్మిడ్‌లో కలిసిపోతుంది, అందుకే నెమ్మదిగా తిప్పమంటారు. కారణం తెలిసినవాడు నెమ్మదిగా తిప్పుతాడు. తెలియనివాడు మాన్యువల్‌లో ఉన్నందుకు తిప్పుతాడు, తొందరలో మరచిపోతాడు. పేరు తెలియని మూడు సీసాలకూ, గుణం తెలియని విత్తనపు ప్యాకెట్‌కూ నాకు తేడా కనిపించదు. రెండింటిలోనూ పని జరిగినంతసేపు ఇబ్బంది లేదు, చెడితే ఎక్కడ చెడిందో వెతికే దారి లేదు.

కిట్ల వల్ల సమయం మిగులుతుందనీ, పరిశ్రమలో ఎవరూ బఫర్లు కలుపుకోరనీ అంటారు. నిజమే, పరిశోధనలో కిట్ వాడడం తప్పు కాదు. నేర్చుకునే మొదటి ఆరు నెలల్లో మాత్రం అది విద్యార్థి నుంచి ప్రశ్న అడిగే అవకాశాన్ని లాగేసుకుంటుంది. ఖర్చు మాటకొస్తే, వాదన తలకిందులవుతుంది. సీటీఏబీ, ఉప్పు, ట్రిస్, ఈడీటీఏ, క్లోరోఫాంలతో చేసే పద్ధతి కిట్ కన్నా చాలా చవక. ట్యాక్ ఎంజైమును ఈ. కోలైలో తయారుచేసుకునే సులువైన విధానాలు 1990ల నుంచే ప్రచురణలో ఉన్నాయి. దాన్ని సొంతంగా తయారుచేసుకున్న విభాగానికి ఏళ్ల తరబడి ఎంజైము కొరత ఉండదు, పైగా తయారీయే ఒక సెమిస్టర్ పాఠం అవుతుంది. వేసవిలో 44 డిగ్రీలు దాటే ఊళ్లో, కరెంటు పోయినప్పుడు మైనస్ 20 ఫ్రీజరును ఎలా కాపాడుకోవాలన్నది కూడా పాఠమే. ఇంకొందరు ఇప్పుడంతా కంప్యూటరే, సీక్వెన్సింగ్ కంపెనీకి పంపితే ఫైలు వస్తుంది, పిపెట్ ఎందుకు అంటారు. ఆ ఫైలును చూడాల్సిన కళ్లు ఎక్కడి నుంచి వస్తాయి? క్రోమాటోగ్రాంలో ఒకే చోట రెండు శిఖరాలు కనిపిస్తే అది నిజమైన జన్యుభేదమా, మురికి నమూనానా అన్నది చెప్పగలిగేది ఎప్పుడో ఒకసారి మురికి నమూనా తీసి బాధపడినవాడే.

ఈ మాటలకు పుస్తకాల బయట రుజువు 2020లో దొరికింది. కాకతీయ వైద్య కళాశాలలో ఆర్టీ-పీసీఆర్ పరీక్షలు మొదలయ్యేదాకా వరంగల్ నమూనాలు హైదరాబాద్ వెళ్లాల్సి వచ్చేది. యంత్రాన్ని కొని తెచ్చి బిగించడం రోజుల పని. దాని ముందు నిలబడే మనిషిని తయారుచేయడం అలాంటిది కాదు. సీసీఎంబీ స్వయంగా పరీక్షలు చేస్తూనే ఇతర ల్యాబుల సిబ్బందికి శిక్షణ కూడా ఇవ్వాల్సి వచ్చింది. నమూనా విప్పే గదీ, మిశ్రమం కలిపే గదీ వేరుగా ఎందుకు ఉండాలి, ఒక గదిలో వేసుకున్న గ్లవుజులతో రెండో గదిలోకి ఎందుకు వెళ్లకూడదు, నీళ్లు మాత్రమే పోసిన కంట్రోల్‌లో సంకేతం వస్తే ఆ ప్లేటులోని తొంభై మంది ఫలితాలను ఎందుకు పక్కన పెట్టాలి, ఇవి ఎవరో చెబితే వినేవే. కానీ అర్ధరాత్రి అలసటలో కూడా పాటించాలంటే అలవాటై ఉండాలి. ఆ మరుసటి ఏడాది, 2021-22 పంటకాలంలో, వరంగల్, ములుగు, భూపాలపల్లి మిరప తోటల మీద కొత్త తామరపురుగు విరుచుకుపడింది. రైతులు పాత తామరపురుగు మందులే కొట్టి మొక్కలు పీకేసుకున్నారు. అది త్రిప్స్ పార్విస్పైనస్ అని తేల్చడానికి రూపలక్షణాలతో పాటు డీఎన్‌ఏ పరీక్ష కూడా తోడ్పడింది. మైటోకాండ్రియాలోని ఒక్క జన్యువు ముక్కను పీసీఆర్‌లో పెంచి చదివించే ఆ పని ఎమ్మెస్సీ ప్రాజెక్టు స్థాయిది. ఆ సామర్థ్యం పురుగు దిగిన చోటే ఉంటే, మొదటి తోట ఎండేనాటికి పేరు తెలిసేది.

ఇందుకు తగ్గ అభ్యాసం ఈ ఊరి విత్తనాల కొట్టులోనే ఉంది. ఇప్పుడు పత్తి ప్యాకెట్ బరువు 475 గ్రాములు, బీటీ లేని గింజలను వేరే పొట్లంలో పెట్టకుండా దాదాపు 25 గ్రాములు అందులోనే కలిపేస్తున్నారు. అంటే గింజల్లో సుమారు 5 శాతం మామూలువి ఉండాలి. నలభై గింజలు మొలకెత్తించి, ఒక్కో మొలక ఆకు చిదిపి బీటీ ప్రోటీనును పట్టే పరీక్షా స్ట్రిప్ ముంచి చూశామనుకుందాం. నలభైలో ఒక్కటీ మామూలుది తగలకపోతే కంపెనీ మోసం చేసిందా? లెక్క వేస్తే, ప్యాకెట్ నిఖార్సైనదైనా అలా జరిగే అవకాశం దాదాపు 13 శాతం ఉంది. తొంభై గింజలు చూస్తే ఆ అవకాశం ఒక్క శాతానికి పడిపోతుంది. స్ట్రిప్ ప్రోటీనును చూస్తుంది, పీసీఆర్ జన్యువును చూస్తుంది, రెండూ విభేదిస్తే ఏమనుకోవాలి? హైబ్రిడ్ స్వచ్ఛతను నేల మీద పెంచి చూస్తే ఒక పంటకాలం పడుతుంది, డీఎన్‌ఏ మార్కర్లతో కొద్ది రోజుల్లో తెలుస్తుంది, ఆ వేగానికి ఏ తప్పులు వెలగా కట్టాలి? ఈ ప్రశ్నలు ఏ విదేశీ మాన్యువల్‌లోనూ లేవు. ఇవి వరంగల్ ప్రాక్టికల్స్ పాఠం కావలసినవి.

దీనికి అడ్డం పడేది డబ్బు కన్నా పరీక్ష తీరు అని నా అభిప్రాయం. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ వచ్చిన రోజున అందరికీ ఒకే ప్రయోగం, అందరికీ ముందే తెలిసిన జవాబు, నీటుగా రాసిన రికార్డుకు మార్కులు. బ్యాండు రాని విద్యార్థి పక్క బల్ల మీది జెల్ బొమ్మ గీసుకుంటాడు, ఎందుకంటే రాలేదని రాస్తే మార్కులు పోతాయి. దీని బదులు ఒక్కొక్కరికీ ఏ ఆకుదో తెలియని ఒక నమూనా ఇవ్వాలి, రెండు కంట్రోళ్లు పెట్టుకునే స్వేచ్ఛ ఇవ్వాలి. నీళ్ల కంట్రోల్‌లో బ్యాండు వచ్చింది కాబట్టి ఈ నమూనా గురించి తానేమీ చెప్పలేనని రాసి, మురికి ఎక్కడ కలిసి ఉంటుందో రెండు కారణాలు చూపిన విద్యార్థికి పూర్తి మార్కులు వేయాలి. సిలబస్ కమిటీలు కొత్త అధ్యాయాలు చేర్చడానికి కూర్చున్నప్పుడు ముందుగా మార్చవలసింది ఈ మార్కుల పట్టీనే.